ఎక్స్-రే పల్సార్ల విజృంభణలను ఎలా పట్టుకుంటారు? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలతోనూ, వాళ్లను వెంటబెట్టుకొని వచ్చే అమ్మానాన్నలతోనూ ఆకాశం గురించి మాట్లాడేటప్పుడు నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలు ఇవి. బ్లాక్ హోల్ గురించి అందరూ అడుగుతారు. పల్సార్ల గురించి అడిగేవాళ్లు కొద్దిమందే గానీ, ఒకసారి మొదలుపెడితే వదిలిపెట్టరు. వాళ్ల కోసమే ఈ పేజీ. వరుసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఎక్స్-రే పల్సార్ అంటే ఏమిటి? మామూలు పల్సార్‌కీ దీనికీ తేడా ఏమిటి?

పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయి పేలినప్పుడు దాని నడిమి భాగం కుంగిపోయి న్యూట్రాన్ నక్షత్రంగా మిగులుతుంది. దాని బరువు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు ఉంటుంది, వ్యాసం మాత్రం 20 నుంచి 25 కిలోమీటర్లే. మన ఔటర్ రింగ్ రోడ్డు లోపల పెడితే ఇంకా చాలా చోటు మిగులుతుంది. దాని అయస్కాంత క్షేత్రం చాలావాటిలో లక్ష కోట్ల గాస్ (అయస్కాంత బలానికి కొలమానం) దాకా ఉంటుంది. భూమిది అర గాస్ అటూ ఇటూ.

1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన రేడియో పల్సార్ తన భ్రమణ శక్తిని ఖర్చు చేస్తూ వెలుగుతుంది. ఎక్స్-రే పల్సార్ సంగతి వేరు. దానికి పక్కన ఇంకో నక్షత్రం తోడుంటుంది. ఆ తోడు నుంచి వచ్చే వాయువు అయస్కాంత రేఖల వెంట జారి న్యూట్రాన్ నక్షత్రం ధ్రువాల మీద పడుతుంది. కింద తాకే సమయానికి దాని వేగం కాంతి వేగంలో సగం దాకా చేరుతుంది. ఆ దెబ్బకు పుట్టే వేడి ఎక్స్-రే కిరణాలుగా బయటికి వస్తుంది. భ్రమణ అక్షం, అయస్కాంత అక్షం ఒకే గీత మీద ఉండవు కాబట్టి నక్షత్రం తిరిగే కొద్దీ ఆ వెలుగు మన వైపు వచ్చిపోతూ ఉంటుంది. అదే పల్స్. కొన్నిటికి ఒక చుట్టుకు కొన్ని మిల్లీసెకన్లు చాలు, కొన్నిటికి చాలా నిమిషాలు పడుతుంది.

మాగ్నెటార్లు కూడా ఎక్స్-రే పల్సులు ఇస్తాయి. కానీ వాటి శక్తి అయస్కాంత క్షేత్రం నుంచి వస్తుంది కాబట్టి ఇక్కడ వాటి జోలికి వెళ్లడం లేదు.

ఎప్పుడూ ఒకేలా వెలగకుండా ఉన్నట్టుండి ఎందుకు విజృంభిస్తాయి?

ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

విజృంభించే ఎక్స్-రే పల్సార్లలో ఎక్కువ వాటికి తోడుగా ఉండేది బీఈ రకం నక్షత్రం. ఇలాంటి నక్షత్రాన్ని మొదట గుర్తించింది 1866లో, ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కి. ఆ నక్షత్రం శర్మిష్ఠ రాశిలో ఉంది. ఇవి సూర్యుడికి ఎన్నో రెట్లు బరువుండే వేడి నక్షత్రాలు. చాలా వేగంగా తిరుగుతాయి. ఆ వేగానికి నడుము దగ్గరి వాయువు బయటికి వచ్చి నక్షత్రం చుట్టూ పళ్లెంలా పరుచుకుంటుంది. ఈ పళ్లెం శాశ్వతం కాదు, కొన్నేళ్లు పెరుగుతుంది, కొన్నేళ్లు కరిగిపోతుంది.

న్యూట్రాన్ నక్షత్రం దీని చుట్టూ తిరిగే దారి గుండ్రంగా కాకుండా కోలగా ఉంటుంది. చాలాకాలం దూరంగా తిరుగుతూ, ఒక దగ్గర మాత్రం తోడుకు బాగా చేరువవుతుంది. ఆ సమయానికి పళ్లెం పెద్దదై ఉంటే అందులోని వాయువును లాగేసుకుంటుంది. వెంటనే ఎక్స్-రే వెలుగు పదుల రెట్లు, ఒక్కోసారి వందల రెట్లు పెరుగుతుంది. కక్ష్య పూర్తయిన ప్రతిసారీ ఇలా వచ్చే దాన్ని మొదటి రకం విజృంభణ అంటారు. ఇది వచ్చినప్పుడు సూర్యుడు విడుదల చేసే మొత్తం శక్తికి వందల నుంచి వేల రెట్ల శక్తి ఎక్స్-రేలలోనే బయటపడుతుంది.

రెండో రకం ఇంకా పెద్దది. అది కక్ష్య లెక్కకు లొంగదు, వారాలు, నెలలు సాగుతుంది, శక్తి సూర్యుడికి పదివేల రెట్లు దాటిపోతుంది. పళ్లెం వంకర తిరిగి పెద్ద మొత్తంలో వాయువు ఒకేసారి అందడం వల్ల వస్తుందని ఒక బలమైన అభిప్రాయం ఉంది, కానీ అది ఇంకా తేలిన విషయం కాదు.

మిల్లీసెకన్ల పల్సార్లలో కథ మారుతుంది. శాక్స్ జె1808.4-3658 అనే పల్సార్ సెకనుకు 401 సార్లు తిరుగుతుంది. దాని తోడు చాలా చిన్న నక్షత్రం. దాని నుంచి వచ్చిన పదార్థం పల్సార్ చుట్టూ ఏళ్ల తరబడి పోగవుతుంది. ఒక హద్దు దాటాక వేడెక్కి లోపలికి దొర్లుతుంది. అందుకే అది కొన్నేళ్లకోసారి మేలుకుంటుంది.

అంటే నక్షత్రం పేలిపోతుందా?

లేదు. మీద పడే పదార్థం పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది, అంతే. రెండు నక్షత్రాలూ అలాగే ఉంటాయి. పత్రికల్లో "పేలుడు" అని రాసినప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

దీనికి అంతరిక్షంలోకే ఎందుకు వెళ్లాలి? కొండ మీద పెద్ద టెలిస్కోపు సరిపోదా?

సరిపోదు. ఎక్స్-రేలను మన వాతావరణం నేల దాకా రానివ్వదు. 1962లో రికార్డో జాకోని బృందం రాకెట్ ఎక్కించిన పరికరంతోనే సౌరకుటుంబం బయటి మొదటి ఎక్స్-రే వస్తువు, స్కార్పియస్ ఎక్స్-1, దొరికింది. 1970 డిసెంబరు 12న కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం సెంటారస్ ఎక్స్-3 లో 4.8 సెకన్ల పల్సును పట్టుకుంది. ఎక్స్-రే పల్సార్ల చరిత్ర అక్కడ మొదలైంది. జాకోనికి 2002లో నోబెల్ వచ్చింది.

రాకెట్‌కూ నేలకూ మధ్య ఇంకో దారి ఉంది: బెలూన్. ఇక్కడ మన ఊరి పేరు గర్వంగా చెప్పుకోవచ్చు. ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పాలిథిన్ బెలూన్లు ఎగరేస్తారు. ఆ ఎత్తులో 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు (ఎక్స్-రేల శక్తికి కొలమానం) దాటిన కఠిన, అంటే ఎక్కువ శక్తి ఉన్న, ఎక్స్-రేలు కొంతవరకు అందుతాయి. మన దేశంలో ఎక్స్-రే ఖగోళశాస్త్రం ఇలా హైదరాబాద్ బెలూన్లతోనే కాళ్లూనుకుంది. ఊరు భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటం కూడా కలిసొచ్చింది. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం చాలా కాస్మిక్ కిరణాలను పక్కకు మళ్లిస్తుంది కాబట్టి పరికరంలో అనవసరపు లెక్కలు తగ్గుతాయి. ఈ బెలూన్ల పెట్టెలు పారాచూట్‌తో ఎక్కడో పొలాల్లో దిగడం, ఊరి జనం చుట్టూ చేరడం వార్తల్లో మీరు చూసే ఉంటారు.

అయితే బెలూన్ గాల్లో ఉండేది కొన్ని గంటలే. విజృంభణ ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ఏళ్ల తరబడి చూసే కన్ను కావాలి. అది ఉపగ్రహంతోనే సాధ్యం.

ఎక్కడ వస్తుందో తెలియనప్పుడు టెలిస్కోపును ఎటు తిప్పుతారు?

ఎటూ తిప్పరు. మొత్తం ఆకాశాన్ని అదే పనిగా చూసే పరికరాలు వేరే ఉన్నాయి. పెద్ద టెలిస్కోపుల బొమ్మలే పుస్తకాల అట్టల మీద పడతాయి గానీ, ఈ కాపలా పరికరాలు లేకపోతే ఆ పెద్దవాటికి చూడటానికి కొత్తదేమీ అందదు. వీటికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా బాధ.

జపాన్ వారి మాక్సి 2009 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద పనిచేస్తోంది. కేంద్రం భూమిని చుట్టడానికి సుమారు 92 నిమిషాలు పడుతుంది. ఆ చుట్టుతో పాటే మాక్సి చూపు కూడా ఆకాశంలో చాలా భాగాన్ని ఊడ్చుకుంటూ పోతుంది. ఒక్కో వస్తువు దాని చూపులో ఉండేది చుట్టుకు నిమిషం అటూ ఇటూ మాత్రమే.

2004 నవంబరులో ఎగిరిన స్విఫ్ట్ ఉపగ్రహంలోని బ్యాట్ పరికరం పద్ధతి వేరు. కఠిన ఎక్స్-రేలను అద్దాలతో ఒకచోటికి చేర్చడం కష్టం. అందుకని పైన ఒక పెద్ద పలక మీద వేల సంఖ్యలో సీసపు ముక్కలను క్రమం లేకుండా అమర్చారు, కింద 32,768 చిన్న డిటెక్టర్ ముక్కలు పరిచారు. ఆకాశంలో ఒక వస్తువు వెలిగితే సీసపు ముక్కల నీడ కింద పడుతుంది. వస్తువు ఏ దిక్కున ఉంటే నీడ అందుకు తగ్గట్టు జరుగుతుంది. కంప్యూటర్ ఆ నీడను పలక నమూనాతో పోల్చి దిక్కును లెక్కగడుతుంది. ఒకేసారి ఆకాశంలో దాదాపు ఆరో వంతు దీని చూపులో ఉంటుంది. స్విఫ్ట్ రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి రోజు ముగిసేలోపు ఎక్కువ భాగం కవరైపోతుంది.

2008లో వెళ్లిన ఫెర్మీ ఉపగ్రహం మీద ఉన్న గామా పేలుళ్ల పరికరానికి చిత్రం తీయడం రాదు. భూమి అడ్డం లేని ఆకాశమంతటి నుంచీ వచ్చే ఫోటాన్లను (కాంతి కణాలను) అవి వచ్చిన సమయంతో సహా నమోదు చేస్తుంది. ఇన్నిటి మధ్య ఒక పల్సార్‌ను దాని పల్సు కాలాన్ని బట్టే ఏరుకోవాలి. తెలిసిన పల్సార్ల భ్రమణ కాలాలను రోజురోజుకూ నమోదు చేసే పనిలో దీనికి సాటి లేదు.

2024 జనవరిలో చైనా పంపిన ఐన్‌స్టీన్ ప్రోబ్ మృదువైన (తక్కువ శక్తి ఉన్న) ఎక్స్-రేలలో ఈ కాపలా కాస్తోంది. మన దేశపు ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోనూ ఎస్ఎస్ఎం అనే చిన్న పరికరం ఇందుకే పెట్టారు.

గ్రాఫ్ పైకి లేచినంత మాత్రాన విజృంభణేనా? పొరపాటు కాకూడదా?

కావచ్చు, చాలాసార్లు అవుతుంది కూడా. ఇక్కడ ఓపిక కావాలి.

మొదట ఎంత పెరిగిందో చెప్పడానికి ఒక కొలబద్ద కావాలి. 1054లో కనిపించిన సూపర్‌నోవా మిగిల్చిన క్రాబ్ నెబ్యులా ఎక్స్-రేలలో దాదాపు స్థిరంగా వెలుగుతుంది. అందుకని అందరూ "ఇన్ని క్రాబ్‌లు", "ఇన్ని మిల్లీ క్రాబ్‌లు" అని మాట్లాడుకుంటారు. క్రాబ్ కూడా కొన్ని శాతం మారుతుందని 2011లో తేలాక కాస్త జాగ్రత్త పెరిగింది గానీ, వాడకం మాత్రం మానలేదు.

ఇక మోసపోయే సందర్భాలు. ఉపగ్రహం దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్లేటప్పుడు భూమి రేడియేషన్ పట్టీ కిందికి దిగి ఉండటంతో చార్జ్ ఉన్న కణాలు పరికరాన్ని ముంచెత్తుతాయి. ఆ సమయంలో చాలా పరికరాలను ఆపేస్తారు. సూర్యుడి మీద మంటలు లేచినా లెక్క పెరుగుతుంది. పక్కనే ఇంకో ప్రకాశవంతమైన వస్తువు ఉంటే ఏది పెరిగిందో చెప్పడం కష్టం. కొన్ని రాశులు ఏడాదిలో కొన్ని వారాలు సూర్యుడి దగ్గర పడి చూపుకే అందవు. రోహిణి, మృగశిర కార్తెల్లో వృషభరాశిని చాలా ఎక్స్-రే టెలిస్కోపులు చూడలేకపోవడానికి కారణం అదే. మన రైతులు ఎండను బట్టి చెప్పుకునే కార్తె, సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడో చెప్పే కొలతే కదా.

అందుకే ఒక్క చుట్టులో పెరిగిందని ఎవరూ ప్రకటించరు. తర్వాతి చుట్లలోనూ నిలిచిందా, ఇంకో ఉపగ్రహంలోనూ కనబడిందా అని చూస్తారు.

అది పల్సారేనని, బ్లాక్ హోల్ కాదని ఎలా తేలుస్తారు?

పల్సుతో. గట్టి ఉపరితలం, బలమైన అయస్కాంత ధ్రువాలు ఉన్న వస్తువే అంత క్రమంగా కొట్టుకోగలదు. బ్లాక్ హోల్‌కు ఆ రెండూ లేవు.

ప్రతి ఫోటాన్ వచ్చిన సమయాన్ని డిటెక్టర్ రాసుకుంటుంది. ఆ సమయాల జాబితాకు ముందు పవర్ స్పెక్ట్రమ్, అంటే ఏ ఆవృత్తి దగ్గర వెలుగు ఎంత హెచ్చుతగ్గులవుతోందో చూపే గ్రాఫ్, గీస్తారు. ఏదైనా ఒక ఆవృత్తి దగ్గర సూదిలా లేస్తే అనుమానం బలపడుతుంది. తర్వాత ఆ కాలానికి సమాన ముక్కలుగా డేటాను కోసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. కాలం సరైనదైతే శిఖరాలన్నీ ఒకేచోట కలిసి చక్కని ఆకారం వస్తుంది. కాస్త తప్పినా అంతా కలగాపులగమై గీత చదునైపోతుంది.

అంతకు ముందు చేయాల్సిన సవరణ ఒకటుంది, కొత్తవాళ్లు దాన్నే మరిచిపోతారు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఒకే పల్సు ఏడాదిలో ఒకప్పుడు ముందుగా, ఇంకోప్పుడు ఆలస్యంగా అందుతుంది. సూర్యుడి దగ్గర నుంచి చూస్తే ఎప్పుడు అందేదో దానితో పోలిస్తే ఈ తేడా 8 నిమిషాల దాకా ఉంటుంది. కాబట్టి సమయాలన్నిటినీ సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి మార్చుకోవాలి. ఆ తర్వాత కూడా కాలం నెమ్మదిగా పెరిగి తగ్గుతుంటే, అది పల్సార్ తన తోడు చుట్టూ తిరగడం వల్ల. అలా కక్ష్య కూడా దొరికిపోతుంది.

కనిపెట్టాక మిగతా ప్రపంచానికి ఎలా తెలుస్తుంది?

గంటల్లో తెలుస్తుంది. 1997 నుంచి నడుస్తున్న ఆస్ట్రానమర్స్ టెలిగ్రామ్ అనే సేవలో చిన్న సందేశం పెడతారు: ఎక్కడ, ఎప్పుడు, ఎంత వెలుగు, ఇంకెవరు చూడాలి. అది చూసి ఇతర బృందాలు తమ ఉపగ్రహాల సమయాన్ని అత్యవసరంగా అడుగుతాయి. నైసర్, నుస్టార్ లాంటి ఎక్స్-రే టెలిస్కోపులు ముందనుకున్న పనిని పక్కనపెట్టి ఇటు తిరుగుతాయి. వేర్వేరు దేశాల వాళ్లు పోటీ పడుతూనే ఒకరికొకరు సాయం చేసుకునే ఈ పద్ధతి చూస్తే నాకు ఎంతో సంతోషం.

నిజంగా జరిగిన ఉదాహరణ చెబుతారా?

రెండు చెబుతాను.

2017 అక్టోబరు 3న స్విఫ్ట్ శర్మిష్ఠ రాశిలో అంతకుముందు ఎవరికీ తెలియని ఒక వస్తువును పట్టుకుంది. పేరు స్విఫ్ట్ జె0243.6+6124. పల్సు కాలం సుమారు 9.8 సెకన్లు. నెల తిరిగేసరికి అది ఎంత పెరిగిందంటే, సూర్యుడికి కొన్ని లక్షల రెట్లు వెలిగింది. ఈ బరువున్న నక్షత్రం ఇంతకు మించి వెలగకూడదని సిద్ధాంతం గీసే ఎడింగ్టన్ హద్దును దాటేసింది. అంత వెలిగే పల్సార్లు అప్పటిదాకా వేరే గెలాక్సీల్లోనే దొరికాయి, మన పాలపుంతలో ఇదే మొదటిది. రేడియో టెలిస్కోపులు దాని నుంచి జెట్‌ను, అంటే వేగంగా బయటికి చిమ్మే సన్నని పదార్థ ధారను, కూడా చూశాయి. ఇంత బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్న న్యూట్రాన్ నక్షత్రం జెట్ చిమ్మలేదని అంతవరకూ చాలామంది నమ్మకం. ఆ అక్టోబరులోనే మన ఆస్ట్రోశాట్ కూడా దాన్ని గమనించింది.

రెండోది ఎ 0535+26. ఇది 1975లో ఏరియల్-5 ఉపగ్రహానికి దొరికిన పాత నేస్తం. పల్సు కాలం 103 సెకన్లకు పైచిలుకు, కక్ష్య 111 రోజులు. 2020 నవంబరులో కఠిన ఎక్స్-రేలలో క్రాబ్‌ను పది రెట్లకు పైగా మించిపోయింది. విచిత్రం ఏమిటంటే క్రాబ్ దానికి ఆకాశంలో నాలుగైదు డిగ్రీల దూరంలోనే ఉంది. కొలబద్ద పక్కనే ఉండి వెలవెలబోయింది.

ఇందులో మన దేశం పాత్ర ఏమిటి?

ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ30 మీద వెళ్లింది. భూమధ్యరేఖకు 6 డిగ్రీల వాలుతో, 650 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. అంత తక్కువ వాలు కావాలని ఎంచుకున్నదే. అలా అయితే దక్షిణ అట్లాంటిక్ చిక్కు చాలా తగ్గుతుంది. పల్సార్లకు అందులో ముఖ్యమైనది లాక్స్‌పీసీ. జినాన్ వాయువు నింపిన మూడు పెద్ద డిటెక్టర్లు, 3 నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూపు, ఫోటాన్ రాకను 10 మైక్రోసెకన్ల సూక్ష్మతతో రాసుకునే శక్తి. మూడింటిలో ఒకటి గ్యాస్ లీక్ వల్ల 2018లో ఆగిపోయింది. అయినా ఈ పరికరం ఇచ్చిన పల్సార్ల డేటాను మన విద్యార్థులు ఇంకా పూర్తిగా తవ్వుకోలేదు.

2024 జనవరి 1న వెళ్లిన మన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహం ఎక్స్-రేల ధ్రువణాన్ని, అంటే వాటి తరంగాలు ఎంతవరకు ఒకే దిశలో ఊగుతున్నాయో, కొలుస్తుంది. అందులోని పోలిక్స్‌ను బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసింది. పల్సార్ల ధ్రువణం చాలా ఎక్కువగా ఉంటుందని లెక్కలు చెప్పాయి. 2021లో నాసా, ఇటలీ కలిసి పంపిన ఇక్స్‌పి చూసినప్పుడు అది ఊహించిన దానికన్నా చాలా తక్కువగా వచ్చింది. ధ్రువాల దగ్గర ఏం జరుగుతోందో మనకు ఇంకా సరిగ్గా అర్థం కాలేదన్నమాట.

విజృంభణ చూసి ఏం తెలుసుకుంటాం?

అన్నిటికన్నా ముందు అయస్కాంత క్షేత్రం. అంత బలమైన క్షేత్రంలో ఎలక్ట్రాన్లు కొన్ని నిర్దిష్ట శక్తుల ఎక్స్-రేలనే మింగుతాయి. స్పెక్ట్రమ్‌లో అక్కడ గుంట పడుతుంది. 1976లో హెర్క్యులస్ ఎక్స్-1 లో ఇది మొదటిసారి కనబడింది. గుంట 12 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటే క్షేత్రం సుమారు లక్ష కోట్ల గాస్. వెలుగు బాగా ఉన్నప్పుడే ఈ గుంట స్పష్టంగా తెలుస్తుంది, అందుకే విజృంభణ కోసం అంత ఎదురుచూపు.

పదార్థం పడేకొద్దీ నక్షత్రం భ్రమణం వేగం పుంజుకోవడం కూడా రోజురోజుకూ కొలవవచ్చు. చివర్లో ఇంకో అద్భుతం ఉంది. పదార్థం తగ్గిపోయాక, గిర్రున తిరిగే అయస్కాంత క్షేత్రం వచ్చేదాన్ని లోపలికి రానివ్వకుండా బయటికి విసిరేస్తుంది. వెలుగు హఠాత్తుగా పడిపోతుంది. 4యు 0115+63, వి 0332+53 పల్సార్లలో ఇది చక్కగా కనబడింది.

ఎప్పుడు వస్తుందో ముందే చెప్పగలమా?

మొదటి రకాన్ని చాలావరకు చెప్పగలం, కక్ష్య తెలుసు కాబట్టి. రెండో రకాన్ని చెప్పలేం. బీఈ నక్షత్రం వర్ణపటంలో హైడ్రోజన్ ఎర్ర గీత బలపడుతుంటే పళ్లెం పెరుగుతోందని అర్థం, అప్పుడు కన్నేసి ఉంచుతారు. పళ్లెం పెరిగినంత మాత్రాన విజృంభణ వచ్చి తీరుతుందని హామీ లేదు.

వృషభరాశిలో ఇంత జరిగితే ఆ రాశివాళ్ల మీద ప్రభావం ఉంటుందా? రేడియేషన్ ప్రమాదం?

రెండూ లేవు. ఎ 0535+26 మనకు ఆరు వేల కాంతి సంవత్సరాల అవతల ఉంది. 2020లో కనిపించిన విజృంభణ మనుషులు ఆ దూరం గురించి ఆలోచించడానికి వేల ఏళ్ల ముందే అక్కడ జరిగిపోయింది. అంతరిక్షంలో చదరపు సెంటీమీటరుకు సెకనుకు లెక్కపెట్టగలిగినన్ని ఫోటాన్లే అందుతాయి, అవి కూడా వాతావరణం పైపొరల్లోనే ఆగిపోతాయి. టెన్షన్ అక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి వీటిని చూడొచ్చా?

న్యూట్రాన్ నక్షత్రాన్ని చూడలేం, తోడును చూడొచ్చు. ఎ 0535+26 తోడు సుమారు తొమ్మిదో పరిమాణం నక్షత్రం, అంటే ఉత్త కంటికి కనబడనంత మసక. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అది మన ఊరి నడినెత్తికి తొమ్మిది డిగ్రీల ఉత్తరంగా వెళుతుంది. రోహిణి నుంచి మొదలుపెట్టి వృషభం రెండు కొమ్ముల చివరలను పట్టుకుంటే వాటి మధ్య ప్రాంతంలో ఉంటుంది. చిన్న టెలిస్కోపు, మంచి నక్షత్ర పటం ఉంటే దొరుకుతుంది. ఊళ్లో లైట్ల వెలుగు ఎక్కువ, వికారాబాద్ వైపో శ్రీశైలం రోడ్డులోనో చూడటం మేలు.

ఇంకా సులువైనది పర్సియస్ రాశిలోని ఎక్స్ పర్సీ. బైనాక్యులర్స్ చాలు. దాని పక్కనున్న పల్సార్ ఒక చుట్టు తిరగడానికి సుమారు 14 నిమిషాలు తీసుకుంటుంది.

విద్యార్థిగా నేను ఏం చేయగలను? డేటా కొనాలా?

కొననక్కర్లేదు. స్విఫ్ట్ బ్యాట్, మాక్సి రోజువారీ లెక్కలు వాళ్ల వెబ్‌సైట్లలో ఉచితం. ఫెర్మీ బృందం పల్సార్ల కాలాలను కూడా పెడుతుంది. ఆస్ట్రోశాట్ డేటా గడువు తీరాక ఇస్రో వారి డేటా కేంద్రం నుంచి దింపుకోవచ్చు. విశ్లేషణకు నాసా ఇచ్చే హీసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, లినక్స్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. పైథాన్ వచ్చినవాళ్లకు స్టింగ్‌రే అనే ప్యాకేజీ ఉంది.

మొదటి ప్రయత్నానికి ఈఎక్స్ఓ 2030+375 తీసుకోండి. హంస రాశిలో ఉంది, పల్సు కాలం సుమారు 42 సెకన్లు, ఎన్నో ఏళ్లుగా దాదాపు ప్రతి కక్ష్యలోనూ విజృంభించిన పల్సార్. బ్యాట్ రోజువారీ ఫైలు దింపుకొని, తేదీకి ఎదురుగా లెక్కను గీయండి. తప్పుల హద్దులు పెద్దగా ఉన్న రోజులను తీసేయండి. శిఖరాల మధ్య దూరం కొలవండి, 46 రోజుల దగ్గర రావాలి. తర్వాత 2006, 2021 లలో వచ్చిన పెద్ద విజృంభణలను వెతికి, వాటి ముందూ వెనకా ఆ 46 రోజుల క్రమం ఎలా జరిగిందో చూడండి. శిఖరాలు కక్ష్యలో అదే స్థానంలో ఉన్నాయా, పక్కకు తప్పుకున్నాయా అన్నది గీసి తెచ్చినవాళ్లతో నేను ఎంతసేపైనా కూర్చుంటాను.